బతికొచ్చిన రాయిని చంపుకోవడం ఎందుకు?

పోయిన నెల ఆఫీసు మిత్రుడొకడు భోజనానికి పిలిచాడు. కంచాల దగ్గర కూచోకముందే గరాజ్‌లోకి తీసుకెళ్ళి, మూలనున్న పెద్ద ప్లాస్టిక్ డబ్బా మూత తీశాడు. లోపల నలభై పౌండ్ల లైవ్ రాక్, అంటే ఉప్పునీళ్ళ చేపల టాంకులో పెట్టే, సముద్రపు జీవులూ బాక్టీరియా పట్టుకుని ఉండే రాయి. ఆ వాసనకి నేను రెండడుగులు వెనక్కేశాను. "మూడు వారాలైంది. నీళ్ళు చుక్క కూడా మార్చలేదు. అమ్మోనియా ఎనిమిది దాటింది తెలుసా! చావాల్సిందంతా చచ్చాక అప్పుడు టాంకులో పెడతా" అన్నాడు, కొత్తావకాయ జాడీ మూత తీసి చూపించినంత గర్వంగా. నేను బావుందన్నాను. ఇంకో పది నిమిషాల్లో వాళ్ళింట్లో గుత్తివంకాయ తినబోతూ అంతకంటే ఏమంటాను?

ఆ రోజు మింగేసిన మాట ఇక్కడ రాస్తున్నాను. టాంకులో పెట్టేముందు రాయిని ఇలా విడిగా నీళ్ళలో ఉంచడాన్ని క్యూరింగ్ అంటారు. క్యూరింగ్ అంటే రాయిని చంపడం కాదు. దారిలో చచ్చినవాటిని ఏరిపారేసి, బతికొచ్చినవాటిని నిలబెట్టుకోవడం. అందుకు నీళ్ళు మార్చాలి, చచ్చినవి కుళ్ళి అమ్మోనియా ఎక్కినప్పుడల్లా మార్చాలి. "సైకిల్ (అమ్మోనియా తినే బాక్టీరియా పెరిగి నీళ్ళు కుదురుకోవడం) దానంతటదే అవుతుంది, నీళ్ళు ముట్టుకోకు" అనే సలహా విని కూచుంటే, లైవ్ రాక్ ధర పెట్టి మామూలు సున్నపురాయి కొనుక్కున్నట్టే. ఆ పని నేనూ చేశాను కాబట్టే ఇంత గట్టిగా అంటున్నాను.

2016, మొదటి డబ్బా

అప్పట్లో మాకు ఇక్కడ డాలస్‌లో ఫిజీ రాయి దొరికేది. 2017 చివర్లో ఫిజీ ప్రభుత్వం పగడాల, లైవ్ రాక్ ఎగుమతి ఆపేసింది గానీ, అంతకుముందు ఏ షాపుకెళ్ళినా అదే. అట్టపెట్టె తెరిస్తే తడి న్యూస్‌పేపర్లలో చుట్టిన రాళ్ళు. సముద్రంలోంచి తీసి ఎన్ని రోజులైందని అడిగితే షాపతను నవ్వి ఊరుకున్నాడు.

ఇంటికి తెచ్చి కాగితాలు విప్పుతుంటే మాత్రం మతిపోయింది. వంకాయ రంగు పెచ్చు కట్టిన రాళ్ళు. సందుల్లో నారింజ రంగు స్పాంజి, గడ్డిపరక లావు గొట్టాల్లోంచి విసనకర్రల్లా విచ్చుకునే పురుగులు, ఇంకా ఏమిటో తెలియని జిగురు ముద్దలు. యాభై పౌండ్లు. చెత్త వేసుకునే 32 గ్యాలన్ల బూడిదరంగు డబ్బా కొత్తది కొని, ఉప్పునీళ్ళు కలిపి, హీటరూ పంపూ వేసి, మూత పెట్టేశాను. లైటు వద్దన్నారు, పెట్టలేదు. అమ్మోనియా, దాన్ని బాక్టీరియా తింటే వచ్చే నైట్రైట్ రెండూ సున్నా అయ్యేదాకా నీళ్ళు మార్చొద్దన్నారు, మార్చలేదు.

నాలుగో రోజుకి కుళ్ళిన కోడిగుడ్ల వాసన. వారానికి టెస్ట్ కిట్‌లో నీళ్ళు ముదురాకు పచ్చకి తిరిగాయి. కార్డు మీద ఆఖరి గడి ఎనిమిది పీపీఎం (పది లక్షల పాళ్ళలో ఎనిమిది), నాది దానికంటే ముదురు. నాకు సంతోషమే వేసింది, పుస్తకంలో చెప్పినట్టే జరుగుతోంది కదా అని.

తొమ్మిదో రోజు రాత్రి టార్చ్ వేసి చూస్తే, రూపాయి బిళ్ళంత బ్రిటిల్ స్టార్ (నక్షత్రచేపలాంటి, సన్నటి చేతుల జీవి) ఒకటి రాళ్ళొదిలేసి డబ్బా గోడ పట్టుకుని పైకొచ్చింది. అయిదు చేతుల్లో రెండింటి కొనలు నీళ్ళ బయటకి చాపి, అంచు మీద అంటిపెట్టుకుని ఉంది. వెలుతురంటే పారిపోయే జీవి అది. టార్చ్ నేరుగా మీద పడుతున్నా కదల్లేదు. వేలితో మెల్లగా కిందికి తోశాను, రాళ్ళలోకి పోతుందిలే అనుకుని. పొద్దున చూస్తే అడుగున చేతులు వేరుగా, మధ్య బిళ్ళ వేరుగా ఉన్నాయి.

అది ఎందుకు పైకొచ్చిందో అర్థం కావడానికి నాకు ఆరేళ్ళు పట్టింది.

ఆరు వారాలకి సున్నా, సున్నా వచ్చింది. రాళ్ళు శుభ్రంగా, బూడిద రంగులో, ఏ వాసనా లేకుండా ఉన్నాయి. వంకాయ రంగు పెచ్చు చాలాచోట్ల తెల్లబడింది. విసనకర్ర పురుగుల గొట్టాలు ఖాళీ. టాంకులో పేర్చాక మొదట గోధుమ రంగు పొర, తర్వాత జుట్టులా పెరిగే ఆకుపచ్చ నాచు. ఏడు నెలలు పళ్ళ బ్రష్షుతో పీకుతూనే ఉన్నాను. రాయి లోపల చిన్న చిన్న రంధ్రాల్లో చచ్చిపడినదంతా మెల్లమెల్లగా కరిగి నాచుకి ఎరువైంది.

"మేత తక్కువై పోయిన చెరువుని చూళ్ళేదు"

2022 అక్టోబరులో రెండోసారి రాయి తెప్పించుకున్నప్పుడు నాన్న ఇక్కడే ఉన్నాడు. మాది భీమవరం దగ్గర. నాన్న 1992లో టైగర్ రొయ్యతో మొదలుపెట్టి, 1995లో తెల్లమచ్చ తెగులుకి రెండు చెరువులూ పోగొట్టుకుని, కొన్నాళ్ళు వరి వేసి, వనామీ రొయ్య వచ్చాక మళ్ళీ దిగాడు. ఆయనకి ఇంగ్లిష్ రాదు. కానీ అమ్మోనియా, నైట్రైట్, ఆల్కలినిటీ, సెలైనిటీ, ప్రోబయాటిక్, ఇవన్నీ ఆయన దృష్టిలో తెలుగు మాటలే.

ఈసారి రాయి ఫ్లోరిడా నుంచి, గల్ఫ్‌లో సాగు చేసింది. (మనవాళ్ళకి గల్ఫ్ అంటే దుబాయ్, మస్కట్. ఇది అమెరికా కిందున్న గల్ఫ్.) న్యూస్‌పేపర్లలో కాదు, నీళ్ళతో నింపిన సంచుల్లో విమానంలో వచ్చింది. రాత్రి పదింటికి ఎయిర్‌పోర్టు కార్గో దగ్గర తీసుకుని, పదకొండున్నరకి గరాజ్‌లో దించాం. అదే బూడిదరంగు డబ్బా. "చెత్తడబ్బాలోనా?" అన్నాడు నాన్న. నీళ్ళలో ఉప్పెంతో చూసే నా రిఫ్రాక్టోమీటర్ తీసుకుని, ట్యూబ్‌లైట్ కేసి ఎత్తి, ఒక కన్ను మూసి చూశాడు. "ముప్పయ్యయిదు. మన చెరువు పన్నెండు దాటితేనే నాకు నిద్రపట్టదు."

మొదటిసారి ఎలా చేశానో, ఎనిమిది దాటనిచ్చి ఎలా కూచున్నానో చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

"చచ్చినవాటి మధ్యన బతికున్నవాటిని పెట్టి మూతేశావా?"

"బాక్టీరియాకి మేత కావాలి కద నాన్నా."

"మేత ఎక్కువై పోయిన చెరువుల్ని బోలెడు చూశాను గానీ, మేత తక్కువై పోయిన చెరువుని చూళ్ళేదురా. అమ్మోనియా ఎక్కితే ఏం చేస్తాం? ఏరేటర్లు తిప్పి నీళ్ళు మారుస్తాం. సముద్రంలో పుట్టినవాటికి వేరే న్యాయం ఉంటుందా?"

నేను చదివిన సలహాలన్నీ బాక్టీరియా గురించే మాట్లాడాయి. రాయి మీద ఉన్న మిగతావాటి తరఫున మాట్లాడింది రొయ్యల రైతు.

తర్వాత లెక్క చూసుకుంటే ఆయన మాటే నిలిచింది. నీళ్ళలో అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది, ఒకటి పెద్దగా హాని చేయదు, రెండోది మొప్పల్ని కాల్చేస్తుంది. పీహెచ్ పెరిగేకొద్దీ రెండోదాని వాటా పెరుగుతుంది. 7 దగ్గర అది నూటికి ఒక పాలు కూడా ఉండదు. ఉప్పునీళ్ళ టాంకు 8.2 దగ్గర ఉంటుంది కాబట్టి ఇక్కడ దానికి పదింతలు. అంటే మంచినీళ్ళ టాంకులో ఒక చేప ఎలాగోలా తట్టుకునే అంకె ఇక్కడ విషం. నా బ్రిటిల్ స్టార్ పారిపోవడానికి గోడెక్కింది, నేను దాన్ని మళ్ళీ అందులోకే తోశాను.

మరి బాక్టీరియా సంగతి? నీళ్ళు మారిస్తే కొట్టుకుపోతాయన్నది అందరి భయం. అమ్మోనియా తినే బాక్టీరియా నీళ్ళలో తేలుతూ ఉండదు, రాతికి జిగురులా అంటుకుని ఉంటుంది. డబ్బాలో సగం నీళ్ళు తీసేసినా దాదాపు అంతా అక్కడే ఉంటుంది. అది పెరుగు తోడుకున్నంత వేగంగా పెరగదు, రెట్టింపు కావడానికి ఇంచుమించు రోజు పడుతుంది. అర పీపీఎం అమ్మోనియా దొరికినా దాని పని అది చేసుకుంటూనే ఉంటుంది. ఎనిమిది పెట్టినంత మాత్రాన ఎనిమిది రెట్ల వేగంతో పెరగదు.

రెండోసారి క్యూరింగ్‌కి పట్టిన పదహారు రోజులూ ఏం చేశామో చెప్తాను. మొదటి వారం రోజూ సగం నీళ్ళు, తర్వాత రోజు విడిచి రోజు. 25 డిగ్రీల వేడి, బలమైన పంపు, పగలు ఆరు గంటల సేపు చిన్న లైటు. (అక్టోబరు కాబట్టి సరిపోయింది. టెక్సాస్ ఎండాకాలంలో గరాజ్‌లో పెడితే క్యూరింగ్ కాదు, ఉడకబెట్టడం.) నాన్న స్టూలు వేసుకుని కూచుని, బతికున్న స్పాంజి లేని రాళ్ళని ఒక్కొక్కటే పైకెత్తి వాసన చూసేవాడు. "ఇది బావుంది, రేవు వాసన. ఇదీ బావుంది. ఇది కాదు." ఆయన కాదన్న రాయిని తిప్పి తిప్పి చూస్తే ఒక బొక్కలో చిన్న ఆల్చిప్ప నోరు తెరుచుకుని చచ్చిపడి ఉంది. ట్వీజర్లతో లాగితే నల్లటి ముద్ద. అది పోయాక మర్నాడు ఆ రాయికి కూడా రేవు వాసనే. తెల్లబడి మెత్తబడిన స్పాంజిని బ్రష్షుతో తీసేశాం. గట్టిగా రంగుగా ఉన్నదాన్ని నీళ్ళ బయటికే తీయలేదు, గాలి తగిలితే చాలా స్పాంజిలు బతకవు. కిట్ చూపించిన అంకె ఎప్పుడూ ఒకటి దాటలేదు.

ఖర్చూ, పీతలూ

ఇందులో నా వాదనకి ఎదురు తిరిగేవి కూడా ఉన్నాయి.

మొదటిది డబ్బు. రోజుకి పదిహేను గ్యాలన్ల ఉప్పునీళ్ళు కలిపి, మర్నాడు పారబోయడం. కుళాయి నీళ్ళు శుభ్రం చేసే ఫిల్టరు పొద్దస్తమానం తిరుగుతూనే ఉంది. "సముద్రాన్ని కొనుక్కొచ్చి సింకులో పోస్తున్నావు" అంది మా ఆవిడ. ఆమె సింకు అన్నది ఊరికే కాదు. మొదటిసారి నేను లాన్‌లో పారబోస్తే ఆ మేర గడ్డి రెండేళ్ళు మొలవలేదు. ఈ ఉప్పు ఖర్చుకి ఇంకో ఇరవై పౌండ్ల రాయి వచ్చేదేమో, నిజమే.

రెండోది నాకు ఇప్పటికీ జవాబు దొరకనిది. మెత్తగా క్యూర్ చేస్తే మంచివే కాదు, దొంగలు కూడా బతుకుతాయి. అయిదో రాత్రి డబ్బాలోంచి టప్, టప్ అని చప్పుడు. మాంటిస్ ష్రింప్. చూపుడు వేలంత లేదు, గుల్లల్ని పిడికిలితో కొట్టి పగలగొట్టేస్తుంది. నల్లటి గోళ్ళున్న వెంట్రుకల పీతలు అయిదు. మొదటి డబ్బాలో ఇవేవీ లేవు, ఎందుకంటే అన్నీ చచ్చాయి. మాంటిస్ ష్రింప్ ఉన్న రాయిని ఖాళీ బకెట్ మీద పట్టుకుని, బొక్కలోకి పిచికారీతో సోడా కొడితే బయటికి దూకింది. మా అమ్మాయి దానికి టప్పు అని పేరు పెట్టి వేరే చిన్న టాంకులో రెండేళ్ళు పెంచింది. పీతల్లో నాలుగు దొరికాయి. అయిదోది టాంకులోకి వెళ్ళి, పట్టుబడేలోపు రెండు నత్తల్ని తినేసింది. నత్తల వైపు నుంచి చూస్తే నా మిత్రుడి పద్ధతే మేలు.

మూడోది ఎండురాయి వాళ్ళ మాట. భూమ్మీద తవ్విన సున్నపురాయి కొని, సీసాలో బాక్టీరియా పోసి మొదలుపెడితే పీతలూ లేవు, వాసనా లేదు, సముద్రానికి నష్టమూ లేదు. నాకు తెలిసినాయన ఒకరు అలాగే చేశారు. మొదటి ఏడాది ఆయన టాంకు చూస్తే జాలేసేది. రెండో ఏడాది సగానికొచ్చేసరికి నా టాంకు పక్కన పెడితే ఏది ఎవరిదో చెప్పడం కష్టం. కాబట్టి లైవ్ రాక్ లేనిదే టాంకు లేదని నేననను. ఎండురాయి కావాలనుకుంటే ఎండురాయే కొనండి, చవక కూడా. బతికున్నదాన్ని కొని ఎండురాయి చేయకండి అనే అంటున్నాను.

సముద్రానికి నష్టం అన్న మాట మాత్రం ఏ రాయి గురించి అంటున్నామో చూసుకోవాలి. ఫ్లోరిడా తన నీళ్ళలో 1989లోనే లైవ్ రాక్ తీయడం ఆపించింది, 1997 నుంచి ఫెడరల్ జలాల్లో కూడా పూర్తిగా బంద్. ఇప్పుడు వాళ్ళు అమ్మేది, గనిలో తవ్విన సున్నపురాయిని పడవల్లో తీసుకెళ్ళి, లీజుకి తీసుకున్న సముద్రపు అడుగున పరిచి, ఏళ్ళ తర్వాత తీసినది. అక్కడి సహజమైన రాయితో కలిసిపోకుండా తేడా తెలిసే రాయే వేయాలన్న నిబంధన కూడా ఉంది. ఎండురాయి వాళ్ళు కొనేదీ నేను కొనేదీ ఒకే జాతి రాయి. నాది కొన్నేళ్ళు సముద్రంలో కాపురం చేసొచ్చింది, అంతే తేడా.

అసలు ఈ క్యూరింగ్ గొడవంతా దూరం వల్ల వచ్చిందని నాకు అనిపిస్తుంది. జకార్తాలో ఉండే లీ చిన్ ఎంగ్ 1961లో ఒక అమెరికన్ చేపల పత్రికలో తన పద్ధతి గురించి రాశాడు. సముద్రపు నీళ్ళు, ప్రాణమున్న రాళ్ళు, ఎండ, కాసిన్ని గాలి బుడగలు. ఫిల్టరు లేదు. సముద్రం పక్కనే ఉన్నవాడికి రాయి కుళ్ళే వ్యవధి ఎక్కడిది? అదే రాయి విమానాలెక్కి, గోదాముల్లో ఆగి, నా గరాజ్‌కి వచ్చేలోపు సగం శవమవుతుంది. మిగతా సగానికి ఆ విమానం ఖర్చు కూడా పెట్టాను కదా.

హైదరాబాద్ నుంచి ఫోను

ఇది విని మా మేనమామ కొడుకు హైదరాబాద్‌లో ఉషారెక్కిపోయాడు. "బావా, ఇక్కడ ఒక షాపులో లైవ్ రాక్ ఉందంటున్నారు, పాతిక కిలోలు తీసుకోనా? నీ పద్ధతిలోనే క్యూర్ చేస్తా." ఎక్కడిదో అడగమన్నాను. రామేశ్వరం వైపు నుంచట. బిల్లు అడిగితే, ఈ సరుకుకి బిల్లుండదన్నారట.

వద్దన్నాను. మన ఆంధ్ర తీరంలో చెప్పుకోదగ్గ పగడపు దిబ్బలు లేవు. ఇండియాలో అవి ఉన్నది మన్నార్ గల్ఫ్, పాక్ బే, కచ్, లక్షద్వీప్, అండమాన్లలో. రాతి పగడాలు 2001 నుంచి వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి, పులి ఉన్న జాబితాలోనే. ఆ వైపు నుంచి బిల్లు లేకుండా వచ్చే లైవ్ రాక్ అంటే పగడపు దిబ్బ ముక్కే. మన్నార్‌లో సున్నం కోసం ఏళ్ళ తరబడి పగడాలు తవ్వారు. అక్కడి 21 దీవుల్లో రెండు ఇప్పుడు నీళ్ళ కింద ఉన్నాయి. నా పద్ధతి ఎంత మెత్తనిదైనా ఆ రాయిని కొనడాన్ని మంచి పని చేయలేదు.

"మరి నువ్వు ఫిజీది కొన్నావుగా?" అన్నాడు. కొన్నాను. అప్పుడు చట్టం ఒప్పుకుంది, నేనూ ఎక్కడిదని పెద్దగా అడగలేదు. షాపతను నవ్వి ఊరుకుంటే నేనూ ఊరుకున్నాను. వాడికి ఆ రోజు నా దగ్గర మంచి జవాబు లేదు. ఇప్పుడు వాడి టాంకులో ఉన్నది ఎండురాయే.

మూడేళ్ళకి మిగిలిందేమిటి

రెండో డబ్బా రాయి వచ్చి మూడేళ్ళు దాటింది. అంత జాగ్రత్తగా కాపాడిన నారింజ స్పాంజి అయిదో నెలలో పోయింది, నా టాంకులో దానికి చాలినంత తిండి లేదేమో. విసనకర్ర పురుగులు ఒకటికి పది అయ్యాయి. ఈ రాయితో వచ్చిన బ్రిటిల్ స్టార్లు రెండూ ఉన్నాయి, రాత్రి మేత వేస్తే రాళ్ళ కింద నుంచి చేతులు మాత్రం బయటపెడతాయి. జుట్టునాచు ఈసారి రాలేదు. అది నీళ్ళు మార్చడం వల్లే అని ఒట్టేసి చెప్పలేను. లైటు వేరు, చేపలు తక్కువ, నాకూ అనుభవం వచ్చింది. కానీ ఊళ్ళో ఉన్న నాన్న వీడియో కాల్‌లో ఇప్పటికీ ముందు అడిగేది మనవరాలి గురించి కాదు, ఆ చేతుల గురించి.

పై మాటలన్నీ రాసి పెట్టుకున్నాక, పోయిన గురువారం మిత్రుడే ఫోన్ చేశాడు. గరాజ్ వాసన ఇంట్లోకి వస్తోందట, వాళ్ళావిడ అల్టిమేటం ఇచ్చిందట. "ఇప్పుడు మారిస్తే లాభం ఉంటుందా?" అన్నాడు. తెలీదన్నాను. శనివారం ఇరవై గ్యాలన్లు కలిపి క్యానుల్లో పోసుకుని వెళ్ళాను. సగం నీళ్ళు తోడేసి, ఒక్కొక్క రాయీ తీసి వాసన చూడమన్నాను. మొదటి అయిదింటికీ ముక్కు తిప్పుకున్నాడు. ఆరోదాని కింద బ్రిసిల్ వార్మ్ ఒకటి, గొంగళిలా నిలువునా ముళ్ళతో, వెలుతురు పడగానే ముడుచుకుని బొక్కలోకి జారింది. అవి మొండివి, దేనికీ చావవు, దాన్ని చూసి ఆశపడ్డానికేం లేదని చెప్పబోయాను. వాడు అప్పటికే టార్చ్ నోట్లో కరుచుకుని ఏడో రాయి ఎత్తుతున్నాడు.